ఒక్క సొంత కిలోమీటరు

మైలురాళ్ళ పర్యవేక్షణ శాఖ అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియకపోవడమే తమ శాఖ ఎంత సమర్థంగా పనిచేస్తోందో చెప్పడానికి రుజువని దాని పెద్దలు ప్రతి వార్షికోత్సవంలోనూ అంటుంటారు. రోడ్ల పక్కన పాతిన రాళ్ళు పాతినచోటే ఉన్నాయా, ఎటైనా వెళ్ళాయా అని చూడటం ఆ శాఖ పని. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి ఒక తరం గడిచిపోయినా శాఖ పేరు మాత్రం మారలేదు. పేరు మార్చే ఫైలు ఇంకా కదులుతూనే ఉంది. రాళ్ళు కదలకూడదు, ఫైళ్ళు కదులుతూ ఉండాలి అన్నది అక్కడి పద్ధతి.

ఆ శాఖకు తెనాలిలో ఉన్న ఆఫీసులో భీమలింగం ఇన్‌స్పెక్టరు. స్కూటరు మీద ఏదో ఒక రోడ్డు పట్టుకుని పోవడం, రాయి దగ్గర ఆగడం, దాన్ని చూడటం, "రాయి ఉన్నది" అని రాసుకుని పక్క రాయికి పోవడం అతని ఉద్యోగం. చేరిన కొత్తలో బండి దిగి రాయిని తడిమి చూసేవాడు. కొన్నాళ్ళకు దిగకుండా చూడటం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు బండి నెమ్మది చేసి చూసేవాడు. ఈ మధ్య మాత్రం, రాయి ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా మీదే రాసేస్తున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తనకు రాళ్ళ మీద కుదిరిన గురి ఇదని భార్యతో అంటుండేవాడు. బద్ధకానికి అంత మంచి పేరు పెట్టగలిగినందుకు లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఆ స్కూటరు కొన్నది భార్య మాణిక్యం. ఇంట్లో మిషను పెట్టుకుని వీధిలో అందరికీ జాకెట్లు కుట్టి, చీటీ కట్టి, పాట పాడి కొన్నది. ఆడవాళ్ళ పేర స్కూటరేమిటని భీమలింగమే అన్నాడు కాబట్టి కాగితాల్లో పేరు అతనిది. లేత నీలం రంగు బండి. ఒక పక్కకి బాగా వంచి, మళ్ళీ లేపి, చోకు లాగి కిక్కు కొడితేగానీ కదలదు. ఆ వంచడంలో ఒక కిటుకు ఉంది. అది మొగుడికీ పెళ్ళానికీ తప్ప మూడోవాళ్ళకి తెలియదు.

సాయంత్రం అయ్యేసరికి మాణిక్యం మిషను మీద గుడ్డ కప్పి, తలలో నాలుగు పూలు పెట్టుకుని, వెనకసీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చునేది. ఇద్దరూ కాలవగట్టు వెంబడి లాకుల దాకా పోయేవాళ్ళు. అక్కడ ఒక ముసలావిడ వేసే మిరపకాయ బజ్జీలు తిని, కాలవ మీది గాలికి కాసేపు కూర్చుని, చీకటిపడేలోపు ఇల్లు చేరేవాళ్ళు. ఇంట్లో మాణిక్యం పెద్దగా మాట్లాడదు. మిషను చప్పుడు, జాకెట్ల కోసం వచ్చి తగాదా పెట్టుకునే జనం, వీటి మధ్య మాట్లాడటానికి ఏముంది. మాటలన్నీ దాచిపెట్టుకుని బండి మీద చెప్పేది. సగం గాలికి కొట్టుకుపోయేవి. వినబడిన సగానికి భీమలింగం ఊ కొట్టేవాడు. వినబడని సగానికి కూడా కొట్టేవాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఇద్దరికీ రోజు మొత్తంలో సొంతమనుకోదగ్గది ఆ కాస్త పొద్దే.

అలా ఉండగా పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. సొంత బండి మీద శాఖ పనికి తిరిగిన ప్రతి కిలోమీటరుకూ లెక్కకట్టి ఆదాయంలోంచి తీసేస్తారట, మిగిలినదాని మీదే పన్ను వేస్తారట. అప్పటిదాకా కుర్చీలకి అతుక్కుపోయి ఉన్న ఆఫీసు మొత్తం ఒక్కసారి రాళ్ళ క్షేమం కోసం తల్లడిల్లిపోయింది. సెలవు పెట్టిన వాళ్ళు సెలవు రద్దు చేసుకుని రోడ్లెక్కారు. అందరికంటే ముందు ఎక్కినవాడు భీమలింగం. పన్ను అనే మాట వింటే అతనికి చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. తనకు పన్ను పడేది నిజానికి అంతంతమాత్రమే అయినా, మంట మాత్రం పెద్ద వ్యాపారస్థుడి స్థాయిలో ఉండేది.

లెక్కలు సరిచూడాల్సింది అకౌంట్సు ఆఫీసరు విశ్వపతి గారు. ఆయన నోట్లోంచి వచ్చే మాట అచ్చయిన కాగితంలా ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఆ భాషలోనే అడుగుతారని ప్రతీతి. భీమలింగం తెచ్చిన మొదటి లెక్క చూసి ఆయన ఎర్ర సిరాతో సగానికి అడ్డంగా గీత కొట్టేశారు.

"తాము వేమూరు రాయిని చూచుటకు వెళ్ళితిరి. అది శాఖాప్రయోజనము. చూచితిరి. దానితో సదరు ప్రయోజనము పరిసమాప్తమైనది. తదుపరి తాము తిరిగి వచ్చుట కేవలము గృహాభిలాష. దానికి మినహాయింపు వర్తించదు."

"రాకపోతే మళ్ళీ రేపెట్టా పోతానండీ?" అన్నాడు భీమలింగం.

"సదరు అంశము సర్క్యులరునందు ప్రస్తావింపబడలేదు."

భీమలింగం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. పోవడం ప్రభుత్వానిదట, రావడం తనదట. అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన. పెరుగులో చేయి పెట్టి అలాగే ఉండిపోయాడు. అప్పుడు తట్టింది. రాయికి రెండు వైపులు ఉంటాయి. పోయేటప్పుడు కనబడే వైపు రేపల్లె ఎంత దూరమో రాసి ఉంటుంది. వచ్చేటప్పుడు కనబడే వైపు తెనాలి ఎంత దూరమో రాసి ఉంటుంది. అంటే పోతూ చూసింది సగం రాయేనన్నమాట. మిగతా సగం చూడాలంటే రావలసిందే.

మర్నాడు ఈ సంగతి చెబితే విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ శాఖ పుట్టినప్పటినుంచీ సగం తనిఖీయే జరుగుతున్నదా అని తల పట్టుకున్నారు. వెంటనే పైకి నోటు రాశారు. పైవాళ్ళు దానికి ద్విముఖ తనిఖీ అని పేరు పెట్టి అన్ని జిల్లాలకూ ఉత్తర్వులిచ్చారు. భీమలింగానికి కొట్టేసిన సగమూ తిరిగి లెక్కలో కలిసింది, ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దానికి అద్దం కట్టించి, మాణిక్యం కుట్టిన జాకెట్లు తగిలించే మేకుకి వేలాడదీశాడు. జాకెట్లు కిందకి దిగిపోయాయి.

ఆ పత్రం వచ్చిన తర్వాత భీమలింగం భూమ్మీద నిలవలేదు. ఊళ్ళో ఎటు పోయినా ఏదో ఒక రాయి తగలకపోదని కనిపెట్టాడు. కూరగాయల మార్కెట్టు మూల ఒక రాయి ఉంది కాబట్టి వంకాయలు తేవడం తనిఖీ అయింది. కొత్తిమీర మర్చిపోయి మళ్ళీ వెళ్ళడం పునఃపరిశీలన అయింది. క్షవరం చేయించుకునే షాపు దగ్గర రాయి మీద దుమ్ము ఎంత పేరుకుంటున్నదో పక్షానికొకసారి చూడటం అవసరమైంది. కొల్లూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళినరోజున, మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్షరాలు కళ్ళకు ఆనుతున్నాయో లేదో చూశానని లాగ్‌బుక్కులో రాశాడు. అతను ఆ వేళకి చూసిందల్లా విస్తట్లో పూర్ణం బూరెల్ని.

అంతా అయ్యాక సాయంత్రం షికారు ఒక్కటి మిగిలింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. లాకుల దగ్గర కాలవగట్టు మీద ఒక రాయి ఉన్నట్టు ఆఫీసు రికార్డుల్లో కనబడింది. ఇంకేముంది, గడిచిన నెలల షికార్లు కూడా కలిపేసి, సంధ్యవెలుతురులో రాయి కనబడు తీరు అని రోజూ రాయడం మొదలుపెట్టాడు. మరి వెనక కూర్చున్న స్త్రీ ఎవరు, ఎందుకు అని విశ్వపతి గారు అడక్కముందే దానికీ జవాబు తయారు చేశాడు. రాయిని ప్రయాణికుల దృష్టితో చదువుటకు ఒక సామాన్య పౌరురాలు. ఆ మాట తనకెలా తోచిందో తనకే ఆశ్చర్యమేసి, ఇంటికొచ్చి భార్యకు చదివి వినిపించాడు.

మాణిక్యం దారం పళ్ళతో తెంపుతోంది. "అంటే రోజూ నన్ను రాయి చదవడానికి తీసకపోతన్నారా?" అంది.

"రాతకేలే."

"రాతకైతే మాత్రం," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బండి మీద ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి భీమలింగానికి తిరుగుదారిలోగానీ తెలియలేదు. అప్పటిదాకా గాలికే ఊ కొడుతూ వచ్చాడు.

ఈలోగా అతని విద్య రాష్ట్రమంతా పాకింది. అన్ని జిల్లాల్లోనూ ఇన్‌స్పెక్టర్లు మిట్టమధ్యాహ్నం, సంధ్యవెలుగు, ముసురు, పొగమంచు అంటూ రాళ్ళ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు. తిరిగిన కిలోమీటర్లన్నీ కలిపితే దేశంలో ఉన్న రోడ్లు చాలవని పైన ఎవరికో అనుమానమొచ్చింది. వాళ్ళు ఒక వివరణ పంపారు. వాహనము శాఖ పనిపై వెళ్ళుచున్ననూ, నడుపువాని మనస్సు స్వంత విషయములందు లగ్నమై ఉండినచో, సదరు కిలోమీటరు స్వంత కిలోమీటరుగా పరిగణింపబడును.

మనసు సంగతి తెలిసేదెట్లా అని విశ్వపతి గారు పైకి రాస్తే, ఉద్దేశ పరిశీలకుడు అని ఒక పోస్టు మంజూరైంది. ఇన్‌స్పెక్టరు వెనక కూర్చుని, రాయి రాయికీ అతని మనసు ఎక్కడుందో అడిగి రాసుకోవాలి. ఆ పోస్టులో రికార్డు రూములో పనిచేసే దానియేలు గారిని వేశారు. భారీ మనిషి, రిటైరు కావడానికి దగ్గరలో ఉన్నాడు, పుట్టి బుద్ధెరిగాక స్కూటరెక్కి ఎరగడు. మొదటిరోజున రెండు చేతులతో భీమలింగం నడుం వాటేసుకుని, కళ్ళు మూసుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ కూర్చున్నాడు. రాయి వచ్చిందని బండి ఆపినప్పుడు మాత్రం కళ్ళు తెరిచి డ్యూటీ చేసేవాడు.

"సార్, ఇప్పుడు దేన్ని గురించి ఆలోచిస్తన్నారు?"

"రాయిని గురించి."

"రాసుకుంటన్నా."

ఒకసారి గేదె అడ్డమొచ్చింది. అప్పుడే దానియేలు గారు భుజం తట్టి అడగడంతో భీమలింగం ఉన్నమాట చెప్పేశాడు, గేదెను గురించి అన్నాడు. గేదె శాఖకు సంబంధించినది కాదు కాబట్టి విశ్వపతి గారు అంతమేర కోసెయ్యబోయి, మొదటి తప్పని హెచ్చరించి వదిలేశారు. అప్పటినుంచీ గేదె కాదు, ఎదురుగా లారీ వస్తున్నా రాయేనని చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఇంతలో విశ్వపతి గారికి ఇంకో సందేహం కలిగింది. పరిశీలకుడి మనసు కూడా పనిమీదే ఉన్నదని ఎవరు చెప్పాలి? ఆయన పడిపోతానేమోనన్న భయంలో ఉంటే అది సొంత విషయమే కదా. పరిశీలకుణ్ణి పరిశీలించడానికి మరో మనిషి కావాలనీ, సీటు చాలదు కాబట్టి స్కూటరుకు పక్కన తొట్టి బిగించాలనీ ప్రతిపాదన వెళ్ళింది. అది ఇంకా పైనే ఉంది.

ఇవన్నీ భీమలింగం నవ్వుకుంటూనే భరించాడు. భరించలేనిది ఒకటి జరిగింది. సాయంత్రం షికారు కూడా శాఖ పనే కాబట్టి దానికీ దానియేలు గారు వెనక ఎక్కాలి. మొదటిరోజున మాణిక్యం పూలు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి వెనకసీటు నిండిపోయి ఉంది. పాపం ఆయన దిగబోయాడు. భీమలింగమే వద్దన్నాడు. మార్చి నెలాఖరు దాకానేనని, లెక్క ముగిశాక మళ్ళీ మామూలేనని భార్యకు నచ్చజెప్పాడు. ఆవిడ ఊ అని లోపలికి పోయింది. అతను లాకుల దగ్గర బజ్జీలు పొట్లం కట్టించుకుని తెచ్చాడు. ఇంటికొచ్చేసరికి చల్లారి మెత్తబడ్డాయి. మాణిక్యం ఒకటి తిని, బాగున్నాయని చెప్పి, మిగతావి మూతపెట్టింది. బాగాలేవని అతనికి తెలుసు. సిగ్గేసింది. తెల్లారేసరికి ఆ సిగ్గు తగ్గి మళ్ళీ లెక్కలే గుర్తొచ్చాయి. అతని మనసులో అంతటి క్రమశిక్షణ ఉండేది.

మార్చి నెలాఖరులో విశ్వపతి గారు కబురంపారు. మరో ప్రశంసాపత్రమేమోనని భీమలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆయన లేచి నిలబడి మరీ అభినందించారు.

"తమ వాహనము ఈ సంవత్సరము తిరిగిన సమస్త కిలోమీటర్లూ, నూటికి నూరు పాళ్ళూ, శాఖాప్రయోజనార్థమేనని తేలినది. శాఖ చరిత్రలో ఇది ప్రథమము." కాగితం తిప్పారు. "స్వంత వాహనము అనగా స్వంత పనులకు వినియోగించునది. తమ వాహనము స్వంత పనికి ఒక్క కిలోమీటరైననూ తిరిగియుండలేదు. కావున అది తమ స్వంత వాహనము కాదు. స్వంత వాహనము కానందున మినహాయింపు వర్తించదు. శాఖ పనికి మాత్రమే తిరిగినందున సదరు వాహనము శాఖదే."

ఒక్క సొంత కిలోమీటరు చూపిస్తే చాలు, ఉత్తర్వు మార్చడానికి వీలుందని, విచారణ వచ్చే సోమవారమని విశ్వపతి గారు దయతో చెప్పారు. చూపించడానికి ఏముంది? వంకాయలు, కొత్తిమీర, క్షవరం, పెళ్ళి, అన్నిటినీ తన చేత్తోనే శాఖకు రాసిచ్చేశాడు. స్కూటర్ని ఆఫీసు షెడ్డులోకి తీసుకుపోయారు. ఎంతమంది కిక్కు కొట్టినా లేవకపోతే తోసుకుంటూ తీసుకుపోయి, లేత నీలం రంగు మీద తెల్ల పెయింటుతో మై.ప.శా. అని రాసి, గొలుసు వేశారు.

ఇంటికి నడిచి వచ్చి సంగతంతా చెప్పాడు. మాణిక్యం మిషను ఆపింది.

"నా బండా?" అంది. అంతే.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మళ్ళీ మిషను తొక్కసాగింది. జాకెట్టు చేయి తిరగేసి కుట్టేసి, మళ్ళీ విప్పుకుంటూ కూర్చుంది. ఎన్ని జాకెట్లకి ఒక స్కూటరవుతుందో భీమలింగానికి ఏనాడూ తట్టని ప్రశ్న. ఆ పూట తట్టింది. ప్రశంసాపత్రాన్ని మేకు మీంచి తీసి మంచం కిందకి తోశాడు.

ఆదివారంనాడు కాలవగట్టు మీద నడుచుకుంటూ లాకుల దాకా పోయాడు. ఆ రాయి దగ్గర ఏదైనా ఆధారం దొరక్కపోతుందా అని ఆశ. గట్టంతా వెతికాడు. రాయి లేదు. ఉండాల్సినచోట ఒక గుంట, గుంట నిండా పిచ్చిమొక్కలు ఉన్నాయి. బజ్జీలావిడని అడిగాడు.

"ఆ రాయా? ఏనాడో గట్టు తెగినప్పుడే కాలవలో పడిపోయిందిగా నాయనా. మీరు రోజూ వస్తారుగా, చూళ్ళేదా?" అంది.

భీమలింగం గట్టు మీద కూలబడ్డాడు. లేని రాయిని ఏడాది పొడుగునా సంధ్యవెలుతురులో చూసి, అక్షరాలు స్పష్టముగా ఉన్నవి అని రాశాడు. దాన్ని బయటపెడితే ఆ కిలోమీటర్లకి శాఖ పని లేనట్టే, అవి సొంత కిలోమీటర్లే, బండి తిరిగొస్తుంది. కాకపోతే దొంగరాతలు రాసిన ఇన్‌స్పెక్టరుకి ఉద్యోగం ఉండదు. బయటపెట్టకపోతే ఉద్యోగం ఉంటుంది, బండి పోతుంది. ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లాడేగానీ భార్యకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పే మొహం లేకపోయింది.

విచారణకు ఒక్కరే సాక్షి. స్కూటరు మీద తిరిగినట్టు కాగితాల్లో ఉన్న సామాన్య పౌరురాలు. మాణిక్యం ఉతికిన చీర కట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఒక పక్క దానియేలు గారు, ఇంకో పక్క మొగుడు. విశ్వపతి గారు గొంతు సవరించుకుని, సాయంకాలములందు ఇన్‌స్పెక్టరు రాయిని చూచుట తాము కన్నులారా చూచితిరా, లేక ఇరువురూ వేరే ముచ్చటలతో కాలక్షేపము చేసితిరా అని అడిగారు.

మాణిక్యం మొగుడి వైపు చూసింది. అతని మొహంలో రక్తం లేదు. మొగుడు పని చేయలేదని చెబితే అతని ఉద్యోగానికి ముప్పొస్తుందని ఆవిడకు ఆ ఒక్క చూపుతోనే అర్థమైంది.

"రోజూ చూశారండి," అంది. "బండి దిగి మరీ చూశారు. నాచేత చదివించారు కూడా."

విశ్వపతి గారి మొహం వెలిగిపోయింది. నూటికి నూరు పాళ్ళూ ధ్రువపడినదని గుమాస్తా చేత రాయించడం మొదలుపెట్టారు. భీమలింగం ఆవిడ చేతుల వైపు చూశాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకు తేరిన వేళ్ళు. అతని పరువు కాపాడటానికి ఆవిడ తన బండిని తనే ఇచ్చేసింది. లేచి నిలబడ్డాడు.

"ఆవిడ చెప్పింది నిజం కాదండీ. లాకుల కాడ రాయే లేదు. ఏనాడో కాలవలో పడిపోయింది. నేను చూస్తేగా తెలవడానికి? ఒక్కరోజు కూడా చూళ్ళా. ఆవిడ ఎనక కూర్చుని ఏదో చెబతా ఉండేది, నేను ఊ కొట్టేవాణ్ణి. అది కూడా సగం వినకుండానే కొట్టేవాణ్ణి. ఆ కిలోమీటర్లు శాఖవి కాదండీ, మాయి. నా ఉద్యోగం తీసుకుంటే తీసుకోండి. ఆ బండి ఆవిడకి ఇచ్చెయ్యండి."

విశ్వపతి గారు దొంగరాతల మాట తేల్చడానికి లాగ్‌బుక్కు దగ్గరకు లాక్కుని పేజీలు తిప్పారు. ప్రతి పేజీలోనూ "రాయి ఉన్నది" అని భీమలింగం రాత ఉంది. దాని కింద "రాయిని గురించియే ఆలోచించినారు" అని, ఆయన బండెక్కిన రోజునుంచీ, దానియేలు గారి సంతకం ఉంది. దాని కింద "సరిచూచి ధ్రువీకరించడమైనది" అని ఇంకో సంతకం ఉంది. అది ఎర్ర సిరాతో ఉంది. విశ్వపతి గారు ఆ సంతకం వంక చాలాసేపు చూశారు. దానియేలు గారు పైకప్పు వంక చూశాడు. విచారణ టీ కోసం వాయిదా పడింది.

టీ తర్వాత ఉత్తర్వు చదివారు. లాకుల దగ్గరి రాయి నేటి ఉదయం వరకు ఉన్నది. అందుకు రికార్డులే తార్కాణము. విచారణ జరుగుచుండగా సదరు రాయి అదృశ్యమైనది. దానిని వెదకి పట్టు బాధ్యత ఇన్‌స్పెక్టరు భీమలింగముది. ఇది అతని అశ్రద్ధకు శిక్ష కనుక, ప్రతిదినము సాయంకాలము, ఆఫీసు వేళలు ముగిసిన పిదప, స్వంత వాహనముపై వెళ్ళి వెదకవలెను. ఇందునిమిత్తము వాహనము అతనికి స్వంత వాహనముగా తిరిగి ఇవ్వబడుచున్నది. ఈ కిలోమీటర్లకు మినహాయింపు లేదు. మినహాయింపు లేనందున ఉద్దేశ పరిశీలకుడు అనవసరము. రాయిని చదివినట్లు ప్రమాణపూర్వకముగా చెప్పినది సామాన్య పౌరురాలు ఒక్కతే కావున, రాయి దొరికిన యెడల గుర్తుపట్టుటకై ఆమె విధిగా వెంట ఉండవలెను.

చదవడం ముగించి విశ్వపతి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. కఠినమైన ఉత్తర్వేగానీ తప్పలేదన్నారు. దానియేలు గారు మొదటిసారి ఆఫీసులో గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

షెడ్డులో గొలుసు విప్పారు. మాణిక్యం దగ్గరికి వెళ్ళి, భీమలింగం చేయి వెయ్యకముందే తనే బండిని పక్కకి వంచి లేపింది. ఒక్క కిక్కుకి లేచింది. మై.ప.శా. అన్న అక్షరాలు మాత్రం ఎంత గోకినా పూర్తిగా పోలేదు.

అప్పటినుంచి వాళ్ళు రోజూ రాయిని వెతకడానికి వెళుతున్నారు. ఆవిడ వెనక కూర్చుని దాచుకున్న మాటలు చెబుతుంది. భీమలింగం ఇప్పుడు వినబడకపోతే బండి ఆపి, ఏందీ, మళ్ళీ చెప్పు అంటాడు. దానివల్ల లాకులు చేరేసరికి ఆలస్యమవుతుంది. బజ్జీలు తిన్నాక గట్టు మీద ఒకసారి అటూ ఇటూ చూసి, మర్నాడు ఆఫీసులో "వెదకితిమి. రాయి కనబడలేదు" అని రాస్తాడు. చాలా ఏళ్ళ తర్వాత అతను రాసిన మొదటి నిజం అది.

ఎండాకాలం వచ్చింది. మరమ్మతుల కోసం కాలవలు కట్టేశారు. నీళ్ళు తగ్గి, అడుగున బురద తేలింది. ఒక సాయంత్రం బజ్జీ తింటున్న మాణిక్యం చేయి మధ్యలో ఆగిపోయింది. గట్టు కింద, ఎండి పగిలిన బురదలో, రాయి వెల్లకిలా పడుకుని ఉంది. అక్షరాలు పైకే ఉన్నాయి. సంధ్యవెలుతురులో స్పష్టంగా కనబడుతున్నాయి కూడా.

"ఏవండీ," అంది ఆవిడ, "అటు చూడబాకండి."

భీమలింగం అప్పటికే చూశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్ప ఒక రాయిని అంత శ్రద్ధగా అతను ఎన్నడూ చూడలేదు. తెనాలి ఎన్ని కిలోమీటర్లో చదువుకున్నాడు. తర్వాత నెమ్మదిగా జరిగి, కాలవకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇందాక బండి మీద ఏదో చెబుతున్నావు, అది పూర్తి చెయ్యమన్నాడు. ఆవిడ మొదట్నుంచీ చెప్పింది.

మర్నాడు ఆఫీసులో "వెదకితిమి. రాయి కనబడలేదు" అని రాశాడు. కింద విశ్వపతి గారు సరిచూచి ధ్రువీకరించారు. కాలవకి నీళ్ళు వదిలేదాకా ఆ మొగుడికీ పెళ్ళానికీ నిద్ర సరిగా పట్టలేదు.